పర్లాకిమిడి బడి చరిత్రలో 1911 తర్వాత

బడికి వజ్రోత్సవమో శతజయంతో వస్తే వేసే ప్రత్యేక సంచికలకు ఒక మూస ఉంది. మొదట స్థలమిచ్చిన దాత ఫొటో, తర్వాత ప్రధానోపాధ్యాయుల వరస, ఆ తర్వాత ఏ ఏడు ఎన్ని గదులు కట్టారు, ఎంతమంది పాసయ్యారు, ఎవరు కలెక్టరయ్యారు, ఎవరు అమెరికా వెళ్లారు అన్న వివరాలు. ఉపాధ్యాయుల జాబితాలో ప్రతి పేరు ఎదురుగా రెండు సంవత్సరాలుంటాయి. ఒకటి చేరిన ఏడు, రెండోది దిగిపోయిన ఏడు. శాలువా కప్పి, దండ వేసి, గ్రూపు ఫొటో తీయించుకున్నాక ఆ మాస్టారితో బడికి లెక్క తేలిపోయినట్టే. ఈ లెక్క సరైంది కాదు. బడి చరిత్రలో ఒక్కోసారి అసలు అధ్యాయం ఆ రెండో సంవత్సరం తర్వాతే మొదలవుతుంది. జీతం తీసుకుంటున్నప్పుడు ఉపాధ్యాయుడు అడగలేని ప్రశ్నలు కొన్ని ఉంటాయి. తరగతి గదిలో పుట్టిన ఆ ప్రశ్నలను పట్టుకుని ఊళ్లోకి, ప్రభుత్వం దాకా వెళ్లగలిగేది విశ్రాంత ఉపాధ్యాయుడే. ఈ మాటకు సాక్ష్యంగా పర్లాకిమిడి రాజావారి బడిని, అందులో 1880లో చేరి 1911లో దిగిపోయిన గిడుగు వెంకట రామమూర్తిని తీసుకుంటున్నాను. ఆయన పుట్టినరోజును మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం కాబట్టి కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. అయితే ఏటా ఆగస్టు 29న వేదికల మీద వినిపించే గిడుగు ఒక బిరుదూ, ఒక పటమూను. ఇక్కడ చూడదలచింది ఒక పదవీ విరమణ చేసిన బడిపంతులును.

ఉద్యోగ చరిత్ర చెప్పుకోవడానికి ఆట్టే సమయం పట్టదు. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు చిన్నతనంలోనే పోయారు. 1879లో మెట్రిక్ ప్యాసై, మరుసటి ఏడే పర్లాకిమిడి రాజావారి మిడిల్ స్కూల్లో ఫస్టు ఫారం పిల్లలకు చరిత్ర చెప్పే పనికి కుదిరారు. జీతం నెలకు 30 రూపాయలు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి 1896లో బి.ఎ. పూర్తి చేశారు. బడి కాలేజీ అయ్యాక పై తరగతులకూ పాఠాలు చెప్పారు. శ్రీముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదవడం తనంతట తాను నేర్చుకుని, తూర్పు గాంగుల మీద ‘ఇండియన్ యాంటిక్వరీ’లో రాశారు. ఇంతవరకు బడి రికార్డులో పట్టే విషయాలే. మంచి ఉపాధ్యాయుడు, చదువుకున్నవాడు, పేరున్నవాడు అని రాసి కింద గీత గీసేయొచ్చు. ఇలాంటి మాస్టార్లు ఆ రోజుల్లో ప్రతి జిల్లాలోనూ ఒకరిద్దరుండేవారు.

బడి రికార్డులో పట్టని పని కొండల వైపు జరిగింది. పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల్లో సవరలుంటారు. సంతకొచ్చే సవరతో మాట్లాడాలంటే ఊళ్లో భాష తెలిసినవాడు లేడు. సవర పిల్లవాడు బడికొచ్చినా అర్థం కాని మాటల మధ్య కూర్చోవలసిందే. గిడుగు తెలుగొచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని అతని దగ్గర భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. అది తేలిక భాష కాదు. సవర తెలుగుకు దూరపు చుట్టం కూడా కాదు, ముండా కుటుంబానికి చెందింది. పలుకుతున్న అచ్చును గొంతులోనే టక్కున ఆపేసే ధ్వని అందులో ఉంది, దానికి మన అక్షరమాలలో గుర్తు లేదు. మాట కట్టే తీరూ వేరే. పులి పట్టుకుంటుందని చెప్పాలంటే పులిని క్రియలోపలే ఇమిడ్చి, పట్టుకోవడంతో కలిపి ఒకే పదంగా అనేయొచ్చు. గిడుగు వ్యాకరణంలో నమోదైన ఈ పులి మాటను ప్రపంచంలో పెద్ద పెద్ద భాషాశాస్త్రవేత్తలు ఇప్పటికీ ఉదాహరణగా ఎత్తి చూపుతుంటారు. ఈ ధ్వనుల కోసం కొండలెక్కి తిరిగిన మనిషికి అడవి జ్వరాలు పట్టుకున్నాయి. క్వినైన్ వాడి వాడి చెవుడొచ్చింది. గొంతులో ఆగే అచ్చుకు లక్షణం రాసిన పండితుడికి చెవులే సరిగా వినిపించకపోవడం మామూలు కష్టం కాదు. చివరి దశాబ్దాల్లో కొడుకు సీతాపతి ఆ పనిలో చేదోడుగా ఉన్నారు. సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పేందుకు తెలుగు లిపిలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టించి అయ్యవార్లకు జీతాలిచ్చారు. ఈ కృషికి ప్రతిఫలంగా ప్రభుత్వం డబ్బివ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమని అడిగారు.

ఇప్పుడు తేదీలు చూద్దాం. సవర భాష మీద ఆయన పెద్ద వ్యాకరణం మద్రాసు ప్రభుత్వ ముద్రణగా వచ్చింది 1931లో, అంటే ఆయనకు 67, 68 ఏళ్లప్పుడు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో, 75వ ఏట. తెలుగు విషయానికొస్తే ఆధునిక తెలుగు మీద ఇంగ్లీషులో రాసిన మెమొరాండం 1913 నాటిది. వీరేశలింగం అధ్యక్షులుగా, గిడుగు కార్యదర్శిగా రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది 1919లో. ‘తెలుగు’ అనే మాసపత్రిక పెట్టిందీ ఆ ఏడే. పత్రిక ఎక్కువ కాలం నడవలేదు గానీ వాదం నడిచింది. ఈ పనులన్నీ 1911 తర్వాతవే. విరమణకు ముందు ఆయనకు ఆలోచన లేదని కాదు. 1900ల తొలి దశకంలోనే స్కూళ్ల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ తెలుగు బోధన మీద వేసిన ప్రశ్నలు, విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు కలిసి చేసిన ఆలోచనలు ఉన్నాయి. కానీ ఆలోచన వేరు, పూర్తికాలం పని వేరు. ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయుడు నిర్ణయించిన పాఠ్యపుస్తకాన్ని చెప్పి తీరాలి, పరీక్షకుడు అడిగే భాషలోనే పిల్లలను తయారుచేయాలి. ‘చేస్తున్నాడు’ అని రాసిన పిల్లవాడికి ‘చేయుచున్నాఁడు’ అని దిద్ది మార్కు తగ్గించాలి. ఆ నియమం మీద బాహాటంగా తిరగబడాలంటే ఆ ఎర్రసిరా కలం కింద పెట్టాలి. 1911లో గిడుగు చేసిన పని అదే.

ఈ వాదానికి ఇంకో గట్టి ఆధారం 1936లో కనిపిస్తుంది. ఆ ఏడు ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది, పర్లాకిమిడి అందులోకి వెళ్లింది. ప్రత్యేక ఒడిశా కోసం లండన్ రౌండ్ టేబుల్ సమావేశం దాకా వెళ్లి వాదించినవారు పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి. తెలుగువారు ఎక్కువగా ఉన్న ఆ ప్రాంతాన్ని ఒడిశాలో కలపడాన్ని గిడుగు వ్యతిరేకించారు. కలిపేశాక ఊరు విడిచి రాజమండ్రి చేరారు. ఈ వివాదంలో న్యాయం ఎవరి పక్షాన ఉందన్నది వేరే చర్చ. ఒడియా వారికీ తమ భాషను, బడిని కాపాడుకోవాలన్న బాధ ఉంది, అది కూడా గిడుగు బాధ లాంటిదే. కానీ రాజావారి బడిలో జీతం పుచ్చుకుంటూ రాజావారి జీవితాశయాన్ని ఎదిరించి ఊళ్లో తలెత్తుకు తిరగగలిగేవారా అన్న ప్రశ్న వేసుకుంటే, విరమణ ఆయనకు ఇచ్చింది విశ్రాంతి కాదని, నోరని అర్థమవుతుంది. 73వ ఏట ఊరు మారడం విశ్రాంత జీవితానికి ఎవరూ వేసుకునే పథకం కాదు.

అయితే ఆ నోటితో ఆయన ఏం చేశారన్నది ముఖ్యం. వేదికలెక్కి ఆవేశపడితే ఎవరూ ఖాతరు చేసేవారు కాదు. అవతల ఉన్నవారు సామాన్యులు కారు. జయంతి రామయ్య పంతులు ముందుండి 1911లో పెట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఉంది. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం ఉంది. అరసున్న, బండి ర, సరళాదేశం, ద్రుతం, నిత్యసంధి వస్తేనే తెలుగు వచ్చినట్టని నమ్మే పండితలోకం ఉంది. వారి మీద గిడుగు వాడిన ఆయుధం తరగతి గది నుంచి తెచ్చుకున్నదే. పరీక్ష పేపరు దిద్దినట్టు పండితుల గ్రంథాలను దిద్దారు. వ్యాకరణం తప్పకూడదని పిల్లలకు చెప్పే పెద్దలు, తమ రచనల్లో అదే వ్యాకరణాన్ని ఎక్కడెక్కడ తప్పారో వాక్యం తర్వాత వాక్యం ఎత్తి చూపారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ అన్న పుస్తకం పేరులోనే ఆయన వెటకారం తెలుస్తుంది. ‘బాలకవి శరణ్యం’లో ఇంకో అడుగు ముందుకేశారు. వ్యాకరణం తప్పన్న ప్రయోగాలను పూర్వకవులే చేశారని కావ్యాల్లోంచి ఉదాహరణలు పోగేశారు. ‘గద్య చింతామణి’లో పాత వచనాన్ని వెతికి తెచ్చి, వాడుక తెలుగులో రాయడం నిన్నగాక మొన్న పుట్టిన అలవాటు కాదని చూపించారు. ఇందులో కవితావేశం లేదు. నోటుబుక్కులు, కార్డులు, ఓపిక ఉన్నాయి. సవర పదాలను పోగుచేసిన ఓపికా, పండితుల తప్పులను పోగుచేసిన ఓపికా ఒకటే. పైకి రెండు వేరు వేరు ఉద్యమాల్లా కనిపిస్తాయి గానీ లోపల ప్రశ్న ఒక్కటే: పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాటలో బడి ఎందుకు చెప్పకూడదు? సవర పిల్లవాడికి తెలుగు ఎంత పరాయిదో, తెలుగు రైతు కొడుక్కి ‘వ్రాయుచుండెను’ అంత కాకపోయినా కొంత పరాయిదే.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది, గిడుగు లాంటి వారిని చూపించి విశ్రాంత ఉపాధ్యాయుల గురించి మాట్లాడటం అన్యాయం అంటారు. ఆయన అసాధారణ ప్రతిభావంతుడు, పైగా ఉద్యోగం మానే నాటికి వయసు 48 మాత్రమే. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 62కు, తెలంగాణలో 61కు దిగిపోయే టీచరు మోకాళ్ల నొప్పులతో, మనవల ఫీజులతో ఉంటారు. ఇందులో సగం నిజం. వయసు మాట తీసుకుంటే, ఆయన పెద్ద పుస్తకాలు రెండూ ఇప్పటి టీచర్లు రిటైరయ్యే వయసు దాటాకే వచ్చాయని పైన చూశాం. ప్రతిభ మాట తీసుకుంటే, ఆయన ఎంత ఎత్తుకెళ్లారన్నది ప్రతిభ. ఏ దారిన వెళ్లారన్నది వృత్తి. ఎదుట ఉన్న పిల్లవాడికి ఏది అర్థం కావడం లేదో కనిపెట్టడం, ఆధారాలు కూడబెట్టడం, తప్పులు గుర్తించడం, చెప్పిందే మళ్లీ ఓపిగ్గా చెప్పడం ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పిన ప్రతి మాస్టారికీ చేతనైన పనులే. ఊరి చెరువు కబ్జా అయితే పాత రికార్డు వెతికి తీసేవారు, పింఛను అర్జీ రాసిపెట్టేవారు, గ్రంథాలయం తాళం చెవి దగ్గర పెట్టుకునేవారు చాలా ఊళ్లలో రిటైర్డు మాస్టార్లే కావడం కాకతాళీయం కాదు. గిడుగు ఆ మాస్టార్లకు మినహాయింపు కాదు, వారిలో పొడుగైనవాడు.

రెండో అభ్యంతరం దీనికంటే బలమైనది. ఇంత చేసి ఆయన ఓడిపోయారు కదా అంటారు. 1912-13 నాటికి స్కూల్ ఫైనల్ వ్యాసాన్ని కావ్యభాషలో గానీ ఆధునిక భాషలో గానీ రాయవచ్చన్న ఉత్తర్వు వచ్చింది. పండితులు గోల చేయగానే అది వెనక్కిపోయింది. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రం రాశారు, 1915లో పోయారు. వీరేశలింగం సమాజానికి అధ్యక్షులైన కొద్ది నెలలకే 1919 మేలో పోయారు. అధికారం లేని స్వచ్ఛంద సేవకుడు ఇంతకంటే ఏం సాధిస్తాడని ఆ వాదం. ఇక్కడ కాలం లెక్క కొంచెం పొడిగించాలి. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తే వ్యావహారికం మీద నిషేధాన్ని ఎత్తేసింది. 1930లలో ‘జనవాణి’ పత్రిక వార్తలను, సంపాదకీయాలను వాడుక తెలుగులో ఇవ్వడం మొదలుపెట్టింది. దాని సంపాదకుడు తాపీ ధర్మారావు పర్లాకిమిడిలో గిడుగు దగ్గర చదువుకున్నవారు. ప్రభుత్వ ఉత్తర్వు ఇవ్వలేకపోయిన ఫలితాన్ని ఒక పాత విద్యార్థి పత్రికాఫీసులో కూర్చుని ఇచ్చాడు. ఈ సంగతి పర్లాకిమిడి బడి చరిత్రలో రాయాలా, పత్రికా రంగం చరిత్రలో రాయాలా? నన్నడిగితే బడి చరిత్రలోనే. సవర వైపు ఇంకా ఎక్కువ కాలం పట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో గిరిజన పిల్లలకు మాతృభాషలో చదువు మొదలుపెట్టేందుకు ఎంచుకున్న భాషల్లో సవర ఒకటి. గిడుగు వాచకాలకూ దానికీ మధ్య తొంభై ఏళ్ల పైచిలుకు దూరం ఉంది. ఇది గెలుపని చంకలు గుద్దుకోనక్కర్లేదు. బడులు పెట్టడం వేరు, నిలబెట్టడం వేరు. కానీ ఓటమి అని రాసేసి చేతులు దులుపుకోవడానికీ వీల్లేదు.

మూడో అభ్యంతరం ఈ రోజుల్లో ఎక్కువగా వినిపించేది. ప్రభుత్వం చేయవలసిన పనిని స్వచ్ఛంద సేవకుల నెత్తిన వేయడానికి ఇలాంటి కథలు పనికొస్తాయని అంటారు. ఖాళీ పోస్టులు భర్తీ చేయకుండా, రిటైర్డు మాస్టారిని పిలిచి ఉచితంగా పాఠం చెప్పమని దండం పెట్టే తీరు మనం చూస్తూనే ఉన్నాం. నేనూ ఈ అభ్యంతరాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. సేవ పేరుతో జీతం ఎగ్గొట్టడం సేవ కాదు. కాకపోతే గిడుగు జీవితం ఆ పక్షానికి సాక్ష్యం చెప్పదు, ఎదురు సాక్ష్యం చెబుతుంది. ఆయన ప్రభుత్వానికి బదులుగా నిలబడలేదు, ప్రభుత్వం ముందు నిలబడ్డారు. డబ్బిస్తామంటే బడి పెట్టండన్నారు, స్కూల్ ఫైనల్ ఉత్తర్వు వెనక్కి తీసుకుంటే మెమొరాండాలతో, వ్యాసాలతో వెంటపడ్డారు. సొంత డబ్బుతో సవర బడి నడిపినా, అది ప్రభుత్వం చేసి తీరాల్సిన పని అన్న మాటను ఆయన వదులుకోలేదు. ఖాళీని పూడ్చే సేవకుడికీ, ఖాళీని చూపించి నిలదీసే సేవకుడికీ తేడా ఉంది. పాలకులకు మొదటివారంటే ప్రీతి. వార్షికోత్సవాల్లో శాలువాలు ఎక్కువగా వారికే పడతాయి. గిడుగుకు కైజర్-ఇ-హింద్ పతకమూ వచ్చింది, 1938లో కళాప్రపూర్ణ కూడా వచ్చింది, కానీ బిరుదులు ఆయన నోరు కట్టలేకపోయాయి. 1940 జనవరి 22న కన్నుమూసే ముందు వారంలో కూడా ప్రజల భాషలో రాయమని పత్రికలవారికి చెప్పి వెళ్లారు.

ఇక నాలుగోది, నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది. ఈ కథలో సవరల గొంతు ఎక్కడ? ఇంట్లో ఉండి గిడుగుకు భాష నేర్పిన సవర పేరు మన ప్రసంగాల్లో వినిపించదు. నేర్చుకున్నవాడు మహనీయుడయ్యాడు, నేర్పినవాడు ‘ఒక సవర’గా మిగిలాడు. పై పేరాల్లో నేనూ అలాగే రాయవలసి వచ్చింది. దీనికి సమాధానం లాంటిది ఒకటి చరిత్రే ఇచ్చింది. గిడుగు పర్లాకిమిడి వదిలిన ఆ 1936లోనే మంగై గొమాంగో అనే సవర తమ భాషకు సొంత లిపి తయారుచేశాడు. సొరాంగ్ సొంపెంగ్ అనే ఆ లిపి ఇప్పుడు కంప్యూటర్లలోనూ ఉంది. తెలుగు లిపిలో వాచకాలు రాసి గిడుగు ఒక అడుగు వేస్తే, మీ లిపి కూడా మాకక్కర్లేదు అంటూ సవరలు తమ అడుగు తామే వేశారు. దీనితో గిడుగు పని చిన్నబోదు. పిల్లవాడి మాటే బడి మాట కావాలన్న సూత్రాన్ని చివరిదాకా లాగితే చేరే చోటు ఇదే. కానీ సేవ చేసినవాడినే చూసి, సేవ అందుకున్నవారిని, ఆ సేవలో పాలుపంచుకున్నవారిని మరిచిపోయే మన రాతకు ఇది పెద్ద లోటు. విశ్రాంత ఉపాధ్యాయుల గురించి రాసేటప్పుడు ఈ లోటు ఇంకా పెరుగుతుంది. ‘నిస్వార్థ సేవ’ అన్న రెండు మాటలు పడగానే మిగిలిన ప్రశ్నలన్నీ అడగడం మర్యాద కాదన్నట్టు ఆగిపోతాం.

కాబట్టి ఈ సంచిక చేతికందిన వారికి ఒక విన్నపం. మీ బడికి వచ్చే వార్షికోత్సవ సంచిక వేసేటప్పుడు ఉపాధ్యాయుల జాబితాలో ఆ రెండు సంవత్సరాల పక్కన మూడో గడి ఒకటి గీయండి. దిగిపోయాక ఏం చేశారో, ఎవరితో కలిసి చేశారో, దేని కోసం ఎవరిని నిలదీశారో అందులో రాయండి. పక్కన నిలబడ్డ రైతు, అర్జీ పట్టుకుని తిరిగిన కుర్రాడు, భాష నేర్పిన మనిషి పేర్లు కూడా పేర్లతోనే రాయండి. మాస్టారు పోయాక అటక మీద చెదలు పట్టే నోటుబుక్కులు, ఉత్తరాలు, అర్జీల నకళ్లు ఏవైనా మీ ఇంట్లో ఉంటే, పాత కాగితాల వాడికి తూకానికి వేసే ముందు ఒక్కసారి బడి ఆఫీసుకి తెచ్చి చూపించండి.